పులికి పెట్టిన కండ్లు

కామారెడ్డి,
6-2-1939

అత్తా,

సోమ్లా అబద్ధమాడాడు. గాంధారి అవతలి తండా సోమ్లా, ఏడాదికోసారి మన ఇంటికి తేనె తెచ్చి ఇచ్చే సోమ్లా, నా కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడాడు. దండాలు తర్వాత పెడతాను, ముందు ఇది విను.

పోయిన నెల దొర హుకుం వేశాడు. గాంధారి అవతలి అడవిలో పులి తిరుగుతున్నదట, దాని షికారుకు పెద్దవాళ్ళు వస్తారట, వాళ్ళు వచ్చిపోయేదాకా మనిషి గానీ పశువు గానీ అడవిలో అడుగు పెట్టరాదట. పెట్టిన పశువును బందెలదొడ్డికి తోలుతున్నారు. ఆ అడవి గడ్డి తప్ప తండాల పశువులకు వేరే మేత లేదు. సోమ్లా నేను పనిచేసే బట్టల దుకాణానికి వచ్చి మెట్ల మీద కూర్చొని చెప్పాడు: “పులి ఏడున్నది పటేలా? సచ్చింది. వాగు ఒడ్డున పడి ఉంటె నేనే జూసిన. నేనే ఉరికిపోయి దొర మనుషులకు చెప్పిన.” నా రక్తం మరిగింది. అప్పటికప్పుడు అర్జీ రాశాను. తండాకు పోయి అందరి వేలిముద్రలు పెట్టించాను.

ఆ అర్జీ పట్టుకొని, సోమ్లాను వెంటబెట్టుకొని, మొన్న తహసీల్ కచేరీకి పోతున్నాను. స్టేషన్ ఎదురుగా మాణిక్ రావు ఫోటో దుకాణం ముందు జనం. తొంగి చూశాను. తలుపంత ఫోటో. అందులో పులి. గడ్డిలో నిలబడి నన్నే చూస్తోంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను, నీకు చెప్పుకోవడానికి సిగ్గెందుకు. దాని కింద రాసి ఉంది: “గాంధారి అడవిలో సజీవ వ్యాఘ్రము, జనవరి 1939.” ఆ కళ్ళు చూడాలి అత్తా! కుంపట్లో నిప్పు మీద ఊదినట్టు ఉన్నాయి. చచ్చిన దానికి కళ్ళు అట్లా వెలుగుతాయా?

సోమ్లా మాత్రం, “గిది గదే పులి పటేలా, చెవు చీలి ఉన్నది చూడు, సచ్చిన పులే” అని పట్టిన పట్టు విడవలేదు. అంత పెద్ద సాక్ష్యం ముందర నిలబడి! నాకు ఒళ్ళు మండిపోయింది. సత్యం మీద నిలబడని అర్జీ నాకు వద్దని అందరి ముందూ చింపి వాడి ముఖాన వేశాను. కింద పడ్డ ముక్కలన్నీ ఏరుకొని తలగుడ్డలో కట్టుకొని పోయాడు.

మా పఠనమందిరంలో ఒక చిన్న పుస్తకం ఉంది. ఉరికే గుర్రాన్ని లోకంలోని చిత్రకారులంతా ముందు కాళ్ళు ముందుకూ వెనుక కాళ్ళు వెనక్కూ చాపి, గాలిలో తేలుతున్నట్టు వేసేవారట, కొన్ని వందల ఏండ్లు. కెమెరా వచ్చి, ఏ గుర్రమూ అట్లా ఉరకదని తేల్చిందట. ఒక దేశంలోనైతే ఏనుగును చూడనివాడు తుత్తార బూర లాంటి తొండం పెట్టి ఏనుగును వేశాడట. నవ్వుకున్నాను గానీ, మన తాత వేసిన పులి మాత్రం ఏమిటి? పసుపు ముద్దకు మనిషి మీసాలు, చేప కళ్ళు. మూడు తరాలుగా కథల పటాలు వేసే మన నకాషీ ఇంట్లో పులి అని వేసినది పులి కాదు అత్తా. కుంచె కల్లలాడుతుంది, కెమెరా ఆడదు. నేను కుంచె వదిలి బట్టల దుకాణంలో గజం బద్ద పట్టినందుకు నువ్వు ఏడ్చావు గానీ, ఇప్పుడైనా ఒప్పుకో.

నువ్వు ఎల్లారెడ్డిలో అడవి పక్కన ఉన్నావు. పులి అరుపు విన్నావా? వెంటనే రాయించు.

నీ మేనల్లుడు,
నర్సింహులు


ఎల్లారెడ్డి,
11-2-1939

అల్లుడా నర్సింహులూ,

నేను చెప్తున్న, బడిపంతులు రామస్వామి రాస్తున్నడు. నీ ఉత్తరం గూడ ఆయననే సదివి ఇనిపిచ్చిండు. నడుమ దగ్గిండు, నీళ్ళు తాగిండు, రెండు పేజీలు గలిపి తిప్పిండు, మల్ల సదివిండు. నీ కోపం నాకు సగమే అందింది. పోనీ, సగం సాలు.

గని గా పులి కండ్ల ముచ్చట ఇన్నంక నేను కూసున్నకాడ కూసోలె. అరే, అడుగు ఎనుకకు ఏసినవా? మీ తాత పులిని జూసి పాలుతాగే పిల్లగాడు గూడ ఎనుకకు ఏయడు, నిజమే. గా కండ్లు ఎవరు పెట్టిండ్రనుకున్నవ్? మీ అత్త! దీపం మసి, పచ్చటి హరిదళం, ఎర్రటి ఇంగిలీకం ఒక్క సుక్క, తుమ్మ బంక. ఉడుత తోక కుంచెతోని పెట్టిన. నా దగ్గర గిసొంటి కుంచె ఇంక ఒక్కటే ఉన్నది.

గా మాణిక్ రావు నీ లెక్కనే మాట్లాడుతడు. మూడు కాళ్ళ కర్ర మీద డబ్బ పెట్టి, నల్ల గుడ్డల తలకాయ దూర్చి, దొరసానికి ఫోటో తీసుకుంట నిలబడ్డడు. మొండెం ఒక్కటే కనబడ్డది. తలకాయ లేనోడు జూసిందే నిజమట, తలకాయ ఉన్నోళ్ళం మేము జూసింది అబద్ధమట!

మీ తాత ఎన్నడు పులిని జూడలె. పులి కథ ఇన్నడు. ఊళ్ళె కథ చెప్పేటోడు పటం ఇప్పి, “గిదిగో పులి” అని కట్టెతోని జూపిస్తె, ఆఖరుకు కూసున్న ముసలవ్వకు గూడ పులి అని తెల్వాలె. అందుకే మీసాలు. చెట్టుకు ఆకు ఆకు ఏసేది ఎందుకు? గది చింతనా యాపనా తెల్వాలె. గుర్రం గాలిల పోకపోతె అది ఉరుకుతున్నదని ఎట్ల తెలుస్తది, బొమ్మ కదలదాయె! నీ పుస్తకం రాసినోనికి గీ మాట నా పేరు మీద రాయి.

బెల్లం పంపుతున్న. జొన్న రొట్టెతోని తిను. కోపం తగ్గుతది.

మీ అత్త భూదవ్వ

(భూదవ్వ ఇంకా చాలా చెప్పినది. కాగితము చాలలేదు. — రామస్వామి)


కామారెడ్డి,
15-2-1939

అత్తా,

నీ ఉత్తరం చదివి దుకాణంలో నిలబడిపోయాను. గజం బద్ద చేతిలోంచి జారింది. షావుకారు ఏమిటని అడిగితే ఉత్తరం వీపు వెనుక దాచాను.

నువ్వా? ఫోటో మీద నువ్వు కుంచె పెట్టావా?

నీకు అర్థమవుతున్నదా నువ్వేం చేశావో? వెలుతురు తనంతట తాను వేసుకున్న పటం అది. మనిషి చేయి పడని పటం లోకంలో మొదటిసారి వచ్చింది, దాని మీద నువ్వు ఇంగిలీకం పూశావు! బతికి ఉన్న పులికి బతికి ఉన్న కళ్ళు ఉండగా, వాటి మీద మన ఇంటి చేప కళ్ళు అతికించావు! నేను బజార్లో నిలబడి దండం పెట్టబోయింది నీ తుమ్మ బంకకా? ఎవరికైనా చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంది.

దాని మీద బెల్లం పంపుతావు!

అడిగిన దానికి జవాబు మాత్రం లేదు. పులి అరుపు విన్నావా అంటే దొరసాని ముచ్చట చెప్పావు. అడవి మూసి నెల దాటింది, దాని మీద నీకు ఒక్క మాట లేదా? తండాలో మేత లేక ఇంటి కప్పుల గడ్డి పీకి వేస్తున్నారు. సోమ్లా ఎడ్లు రెండూ బందెలదొడ్డిలో ఉన్నాయి. మొన్న వాళ్ళ దూడ చచ్చిపోయిందట. అబద్ధం చెప్పినవాడైనా వాడి దూడ ఏం చేసింది? నాకు అన్నం దిగడం లేదు, నువ్వు ఉడుత తోకల గురించి రాస్తావు.

ఇక మీదట ఫోటోను ముట్టనని ఒట్టు పెట్టుకొని రాయించు. అప్పటిదాకా నీకు దండం కూడా పెట్టను.

నర్సింహులు


ఎల్లారెడ్డి,
20-2-1939

నర్సింహులూ,

నువ్వు దండం పెట్టకు. ముందుగాల ఇను.

నీ తిట్లు సదువుకుంట సదువుకుంట పంతులు దూడ కాడికొచ్చి నోరు జారిండు. “ఏం దూడ? ఏం అడవి?” అన్న. తెల్లముఖం ఏసిండు. నీ మొదటి ఉత్తరంల దొర హుకుం ముచ్చట ఉన్నదట గదా, ఈయన దాన్ని మింగిండు. నేను చెప్పిందాంట్ల గూడ సగం రాయకుండ కాగితం సాలలేదని రాసిండట. “దొర ఊళ్ళె బడి నడుపుకునేటోన్ని, నాకు పిల్లలున్నరు భూదవ్వా” అని ఏడ్చిండు. “తండల పిల్లలు లేరా?” అని అడిగిన. ఇయ్యాల నా ముంగట కూసొని రాస్తున్నడు. రాసింది రాసినట్టు నాకు సదివి ఇనిపిస్తున్నడు. మూడుసార్లు ఇన్న.

అల్లుడా, గా పులి సచ్చింది. సోమ్లా నిజం చెప్పిండు.

బతికిన పులి కండ్ల మీద కుంచె పెట్టలె నేను. కండ్లు మూసి ఉన్నయి. దొర మనుషులు దాన్ని వాగు ఒడ్డు నుంచి బండి మీద ఏసుకొచ్చిండ్రు, ఈగలు ముసిరి. వెదురు బొంగులు కడుపు కింద పెట్టి నిలబెట్టిండ్రు. నాలిక బయటికి ఏలాడుతున్నది. మాణిక్ రావు ఫోటో తీసి, పట్నం పోయి, పెద్దగ జేసుకోని మల్ల తెచ్చిండు. “భూదవ్వా, దొర గోడకు పెట్టుకుంటడు, జర మంచిగ జెయ్యి” అన్నడు. నాలిక లోపల పెట్టిన. వెదురు మీద గడ్డి ఏసిన. ఆఖరుకు కండ్లు తెరిపిచ్చిన.

ఎందుకు పెట్టినవ్ అని అడుగుతవ్. నువ్వు ఈ ఇంట్ల పుట్టినోనివేనా? కండ్లు లేని బొమ్మ మన గడప దాటుతదా? పటం అంత అయినంక, తానం జేసి, దీపం పెట్టి, ఆఖరుకు కండ్లు పెట్టి ఇస్తం. కండ్లు లేకుండ పోతె అది పటం గాదు, పీనుగ. మీ నాయిన, మీ తాత గట్లనే చేసిండ్రు. నాకు ఎవలూ పెట్టమని చెప్పలె. నా చెయ్యే కండ్ల మీదికి పోయింది.

గోడకు పెట్టుకుంటమన్నరు. తండ మీద పెడుతరని నాకేం ఎరుక!

నిన్నటి సంది కుంచె ముట్టలె. నా కండ్లతోని వాళ్ళు అడవి కావలి కాస్తున్నరు. గా దూడ గురించి పంతులు మల్ల మల్ల సదువుతుంటె సాలు సాలన్న.

సోమ్లా తాన్కి పో. నా మాట జెప్పు.

భూదవ్వ

(ఈసారి ఏమీ వదలలేదు. — రామస్వామి)


కామారెడ్డి,
26-2-1939

అత్తా,

దండం. వెయ్యి దండాలు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని నేరుగా ఫోటో దుకాణానికి పోయాను. మాణిక్ రావు లోపల ఎవరికో పెండ్లి ఫోటో తీస్తున్నాడు. పులిని అద్దం వెనుక నుంచి తీసి గోడకు ఆనించారు, దొర ఇంటికి పంపడానికి. నేను ఏమీ ఆలోచించలేదు. బొటనవేలు నాలుకకు తడిపి పులి ఎడమ కన్ను మీద రుద్దాను.

కన్ను నా వేలికి వచ్చింది.

దాని కింద మూసిన రెప్ప. ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి, అంత పెద్ద పులి నాకు కన్ను గీటినట్టుంది. పెండ్లికొడుకు చూశాడు, వాళ్ళ నాయన చూశాడు. ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం అక్కడే పెండ్లివాళ్ళ జంపఖానా మీద కూలబడ్డాను.

మాణిక్ రావు అరుస్తాడనుకున్నాను. అరవలేదు, అదే ఎక్కువ భయమేసింది. తలుపు వేసి మెల్లగా అన్నాడు: “పిచ్చోడా, నువ్వు సదివే పుస్తకాలల్ల కొమ్మ మీద పక్షి ఉంటది గదా? దూది కూరి, తీగెతోని కొమ్మకు కట్టి ఏసింది అది. బతికింది నీకోసం కూసుంటదా? జింకను గట్లనే తీస్తరు, కొంగను గట్లనే తీస్తరు. దొరకేం గావాల్నో గది తీసిన. నీ అత్త కండ్లు పెట్టింది, నేను గాదు.” తర్వాత నన్ను మెడపట్టి బయటికి గెంటించాడు.

పఠనమందిరానికి పోయి ఆ పక్షుల పుస్తకం తీశాను. నేను పేర్లు కంఠస్థం చేసిన పక్షులు. అన్నీ ఒకే తీరుగా మెడ తిప్పి ఉన్నాయి. ఇన్నాళ్ళు నాకు కనిపించలేదు. ఎవరో దూరదేశపు వేటగాడు కాల్చి, చిత్రకారుడు ఎదురుగా మేకులకు కట్టుకొని, ఆ తర్వాత పువ్వులూ ఆకాశమూ కలిపాడా? నేను దాన్ని ప్రకృతి అనుకొని రెండేండ్లు పూజ చేశానా? తాత ఒక్కడే నన్ను మోసం చేయలేదు. తాత పులికి మీసాలు పెట్టి, ఇది నేను వేసిన పులి అని చెప్పాడు.

సోమ్లా దగ్గరికి పోయాను. గాంధారి నుంచి నడిచాను. అతడు గుడిసె కప్పు గడ్డి పీకుతున్నాడు. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. “కాయితాన్ని నమ్మినవ్ పటేలా, నన్ను నమ్మలె” అన్నాడు. తప్పు చేశానంటే, “నా ఎడ్లు ఇడిపియ్యి, అటెన్క మాట్లాడుదం” అన్నాడు. వాళ్ళ అవ్వ రామవ్వ నాకు మంచినీళ్ళు ఇచ్చి, “తాగు, నువ్వు అరిసి అరిసి ఎండిపోయినవ్” అన్నది. అంతకన్న రెండు చెంపలు వాయించినా బాగుండేది.

సభ పెడదామని కచేరీలో అడిగితే అనుమతి లేదన్నారు. కొత్త అర్జీ రాద్దామంటే తండాలో వేలిముద్రలు వేయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు, చింపేవాడి అర్జీ మీద ఎవరు వేస్తారు? ఆ పులి ఫోటో కూడా దుకాణంలో లేదు. ఏం చేయమంటావు అత్తా? జీవితంలో మొదటిసారి నిన్ను అడుగుతున్నాను.

నర్సింహులు


ఎల్లారెడ్డి,
4-3-1939

అల్లుడా,

ఫోటో దుకాణంల ఎందుకుంటది? నా ఇంట్ల ఉన్నది.

దొర మనిషి బండి మీద తెచ్చిండు. “ఒక కన్ను పోయింది, పెట్టియ్యి. షికారుకు వచ్చేటోళ్ళకు చూపియ్యాలె” అన్నడు. నువ్వు రుద్దిన జాగల నీ బొటనేలు గుర్తు పడి ఉన్నది, గుర్తువట్టిన. గా మనిషి మా ఇల్లు ఎవరి జాగల ఉన్నదో గూడ యాది జేసిండు. మీ మామ పోయినప్పుడు గుంజకు తలకాయ ఆనించి ఏడ్చిన ఇల్లు, నాకు యాది జేస్తున్నడు!

పటం ముంగట పెట్టుకొని కూసున్న. ఒంటి కన్ను పులి నన్ను జూస్తున్నది. నా చెయ్యి కుంచె మీదికి ఉరుకుతున్నది అల్లుడా, ఏం చెప్పాలె. కండ్లు లేకుండ గడప దాటియ్యొద్దు. నలభై ఏండ్ల చెయ్యి.

తడిగుడ్డ తెచ్చి రెండో కన్ను తుడిసేసిన. నాలిక బయటికి తీసిన. గడ్డి తుడిసిన, వెదురు కనబడ్డది. “తీస్కపో, కండ్లు మంచిగైనయి” అన్న. గా మనిషి జూసి ఒక్కసారి నోరు తెరిసిండు. ఆయనకు గూడ తెల్వదట, బతికిన పులే అనుకుంటున్నడట! ఫోటో తీసుకొని గబగబ పోయిండు. ఇగ ఏం అయితదో అయితది.

సభకు అనుమతి గావాలె. పటం కథకు ఎవడన్న అనుమతి అడిగిండా ఎప్పుడన్న? ఒక పటం ఏసిన. నాలుగు మూరలది. వాగు ఒడ్డున పులి పడి ఉన్నది, సోమ్లా ఉరుకుతున్నడు. దాని కింద వెదురు బొంగులు. దాని కింద తలకాయ లేని మాణిక్ రావు, నల్ల గుడ్డ. దాని కింద నేను కుంచె పట్టుకొని కండ్లు పెడుతున్న. అందరి కన్న నన్నే పెద్దగ ఏసుకున్న. ఆఖరుకు దూడ.

పులికి మీసాలు మీ తాత ఏసినట్టే ఏసిన. కండ్లు మాత్రం మూసినయే ఏసిన. మన ఇంట్ల ఇప్పటిదాక మూసిన కండ్లు ఎవలూ ఏయలె. దీపం పెట్టిన, తానం జేసిన, కుంచె ముంచిన, ఒక్క గీత గీసిన, అంతే. గంత సేపు నా గుండె కొట్టుకున్నది, పెండ్లిల గూడ గట్ల కొట్టుకోలె.

కథ చెప్పేటోళ్ళను ఇద్దరిని అడిగిన. పటం జూసి, “మాతోని కాదు భూదవ్వా” అన్నరు. మనం ఏసేటోళ్ళం, చెప్పేటోళ్ళం గాదు, నాకు ఎరుకే. నేనే కామారెడ్డికి వచ్చి చెప్త, ఏ దినమో ఏ జాగనో నువ్వు రాయి. తప్పయితె తప్పే. కండ్లు పెట్టింది నేనే అని నేను గాక ఎవలు చెప్తరు?

చింతగింజల జిగురు ముంతల పోసి పంపుతున్న. ఎందుకో నీకు తెలుస్తది. సోమ్లా తలగుడ్డ యాది జేస్కో.

భూదవ్వ

(మా బడికి ఆదివారం సెలవు. ఆదివారమే పెట్టుకొనుము, భూదవ్వ వెంట నేను కూడా బస్సు ఎక్కెదను. — రామస్వామి)


కామారెడ్డి,
8-3-1939

అత్తకు, అత్త ఇంటి ముందు ఈ ఉత్తరం వినేవాళ్ళందరికీ,

రామస్వామి పంతులు గారూ, దీన్ని గట్టిగా చదవండి. దగ్గకండి.

మొదటి ఉత్తరంలో అబద్ధమాడినవాడు సోమ్లా అని రాశాను. ఆ ముక్క మీద గీత కొడుతున్నాను. చచ్చిన పులిని నిలబెట్టినవాడు మాణిక్ రావు. నిలబెట్టమని చెప్పి, దాన్ని చూపించి తండాల నోటికాడి గడ్డి లాక్కున్నవాడు దొర. కళ్ళు పెట్టింది మా అత్త. ఆ కళ్ళను చూసి, కళ్ళారా చూసినవాణ్ణి అబద్ధాలకోరన్నది నేను. నలుగురం. పటంలో నేను లేను అత్తా. నన్ను కూడా వెయ్యి. అర్జీ చింపుతూ వెయ్యి. చిన్నగా వెయ్యకు.

ముంత అందింది. సోమ్లా దగ్గరికి మళ్ళీ పోయాను. నా ముఖం చూడకుండానే తలగుడ్డ విప్పాడు. ఒక్క ముక్క కూడా పారేయలేదు. గుడిసె ముందు పరుచుకొని అందరం కూర్చొని అతికించాము. ఎవరి వేలిముద్ర ముక్క వాళ్ళు వెతుక్కున్నారు. రామవ్వది దొరక్క గోల చేసింది, చివరకు ఆమె చీరకే అంటుకొని ఉంది. అతికిన అర్జీని నీ పటం వెనుక అంటిస్తాను. ముందువైపు జనం చూస్తారు, వెనుకవైపు కచేరీ వాళ్ళు చదువుకుంటారు. దాన్ని ఇక ఎవరూ చింపలేరు, నేను కూడా. సోమ్లా నాతో ఇంకా మాట్లాడలేదు. జిగురు మాత్రం నా చేతికి అందించాడు.

ఇది సభ కాదు. ఎవరైనా అడిగితే పటం కథ అని చెప్పండి. కథ చెప్పేది భూదవ్వ.

వచ్చే ఆదివారం, మార్చి పన్నెండు, పొద్దున తొమ్మిది గంటలకు, కామారెడ్డి స్టేషన్ ముందు, ఫోటో దుకాణానికి ఎదురుగా పటం విప్పుతాము. ఎల్లారెడ్డి వాళ్ళు మొదటి బస్సుకు రండి. గాంధారి, తండాల వాళ్ళు ముందు రోజే బయలుదేరండి, మా దుకాణం అరుగు మీద పడుకోవచ్చు, షావుకారును ఒప్పించాను. దోమకొండ, భిక్నూర్ వాళ్ళకు మీరే కబురు చెప్పండి. బందెలదొడ్డికి పోని పశువులు ఎవరికైనా మిగిలి ఉంటే తోలుకొని రండి, వాటి డొక్కలు కూడా జనం చూడాలి. ముందు వరుస సోమ్లాది. అతడు వచ్చి కూర్చునేదాకా కథ మొదలుకాదు.

తొమ్మిది గంటలకు. అందరూ రండి.

నర్సింహులు